కొద్దిపాటితో బ్రతుకు

నీలగిరి తైలం వాసన ఎరుగని ఇల్లు మన దేశంలో అరుదు. పడిశం పట్టిన బిడ్డ రొమ్మునకు తల్లి రాసే ఆ తైలం ఏ చెట్టు ఆకులనుండి వచ్చినదో, ఆ చెట్టు మాత్రం పుట్టుకచేత మనది కాదు. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. టిప్పు సుల్తాను నందికొండ మీది తన తోటలో దానిని నాటించాడని చెబుతారు. తరువాత 1843లో అది నీలగిరులకు వచ్చి, ఆ కొండల పేరునే తన పేరుగా చేసుకొన్నది. కొన్ని జిల్లాలలో దానిని జామాయిలు అంటారు. మన రైతులు దానిని గట్లమీదను, బీళ్ళలోను నాటడానికి చెప్పే కారణాలలో ఒకటి, పశువులు దాని జోలికి పోవన్నది. ముళ్ళకంపను సైతం వదలని మేక ఆ ఆకును వాసన చూచి తల త్రిప్పుకొంటుంది. మేక కాదన్న ఆ ఆకును తిని, అది తప్ప దాదాపు మరొకటి ముట్టకుండా ఒక జంతువు బ్రతుకుతున్నదని మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంతవరకు తగ్గలేదు. ఆ జంతువే కోలా.

“చెట్టు మన దేశం వచ్చింది గదా తాతయ్యా, కోలా ఎందుకు రాలేదు?” అని మా మనుమరాలు ఒకసారి అడిగింది. చెట్టును మనుష్యుడు ఓడలో తెచ్చుకొన్నాడు. జంతువు రావలసిన దారి ఎప్పుడో తెగిపోయినది. ఒకప్పుడు మన దేశము, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా ఒకే మహాఖండంగా ఉండేవి. దానికి భూగర్భశాస్త్రజ్ఞులు పెట్టిన గోండ్వానా అనే పేరు మన మధ్యదేశపు గోండుల సీమనుండి వచ్చినదే. పది కోట్ల సంవత్సరాలకు పూర్వమే మన భూభాగం విడివడి ఉత్తరముఖంగా సాగిపోయినది. కడుపుసంచిలో పిల్లను పెంచే జంతువులు దక్షిణ అమెరికానుండి అంటార్కిటికా మీదుగా ఆస్ట్రేలియా చేరుకొన్న నాటికి ఆ ఉమ్మడి ఇంటిలో మనం లేము. చెట్టు కథ చెప్పి ఊరుకోలేక, ఆ పిల్లకు నేను ఇంత కథ చెప్పవలసివచ్చింది.

కోలా చూడడానికి చిన్న ఎలుగుబంటివలె ఉంటుంది గాని ఎలుగుబంటితో దానికి చుట్టరికం లేదు. ఆస్ట్రేలియా తూర్పున, ఆగ్నేయాన ఉన్న అడవులు, అనగా క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రాలలోని అడవులు దాని నివాసం. నీలగిరి చెట్లలో ఏడువందలకు పైగా రకాలున్నవి. అది తినేవి కొన్ని పదులు మాత్రమే. ఒక్కొక్క ప్రాంతంలో అది కోరి తినేవి ఇంకను తక్కువ. ఆ ఆకులో పోషకం స్వల్పం, పీచు అధికం, విషం సమృద్ధి. ఆ విషాన్ని దాని కాలేయం విరుగగొడుతుంది. ఈ పనికి కావలసిన జన్యువులు దానిలో అసాధారణంగా వృద్ధి చెందినవని 2018లో దాని జన్యుక్రమాన్ని ప్రకటించిన శాస్త్రజ్ఞులు చూపించారు. పీచును జీర్ణం చేసే పని రెండు మీటర్ల పొడవైన ఒక పేగుతిత్తిలో సూక్ష్మజీవులు చేస్తవి. పుట్టుకతో పిల్లకు ఆ సూక్ష్మజీవులు లేవు. ఆకు రుచి చూడడానికి ముందు అది తల్లి పేగునుండి వెలువడే మెత్తని పదార్థాన్ని తింటుంది. మనకు రోతగా తోచవచ్చును గాని, ఆ జాతికి అదే అన్నప్రాశన.

రోజుకు ఇరువది గంటల వరకు నిద్రించే ఈ జంతువును లోకం సోమరి అన్నది. నేను ఆ మాట ఒప్పుకొనలేను. రాబడి తక్కువైన సంసారి పెందలకడనే దీపమార్పి పడుకోవడం సోమరితనమా? దాని తిండిలో ఉన్న సత్తువ ఆ మాత్రం కదలికకే చాలును. ఎండలు మండినప్పుడు అది చెట్టు మానును కౌగిలించుకొని వ్రేలాడుతుంది. గాలికంటె మాను చల్లగా ఉంటుందనీ, అందుచేత ఒంటి వేడి దానిలోనికి దిగిపోతుందనీ 2014లో పరిశోధకులు కొలిచి చెప్పారు. నీరు చాలవరకు ఆకులనుండే దొరుకుతుంది. వాన పడినప్పుడు మానువెంట జారే నీటిని నాకుతుందని 2020లో వెల్లడి అయినది. ఆహారము, జలము, శయ్య, శీతలోపచారము అన్నీ దానికి ఒక్క చెట్టులోనే ఉన్నవి.

కోలాది కదలని పొదుపు అయితే, కంగారూది కదలికలోని పొదుపు. ఆ పేరు తెలుగు చెవికి తత్తరపాటును స్ఫురింపజేస్తుంది గాని ఆ జంతువు బ్రతుకులో తత్తరపాటు తక్కువ. 1770లో కెప్టెన్ కుక్ ఓడ ఈశాన్య తీరాన ఆగినప్పుడు అక్కడి గూగు యిమిథిర్ ప్రజలనోట ఆ మాట విన్నారు. “నాకు తెలియదు” అని దానికి అర్థమనీ, తెల్లవారు అదే పేరనుకొన్నారనీ ఒక కథ లోకమంతటా వ్యాపించింది. 1970ల దశకంలో భాషాశాస్త్రజ్ఞులు ఆ ప్రజల మధ్యనే విచారించి, అది ఒక రకపు కంగారూకు నిజమైన పేరేనని తేల్చారు. అడిగినవారికి సరియైన జవాబే దొరికినది. తరతరాలుగా ఆ భూమిమీద ఉన్నవానికి తన జంతువు పేరే తెలియదని నమ్మడం మాత్రం లోకానికి సులభమైనది.

కంగారూలలో పెద్దదైన ఎర్ర కంగారూ దేశమధ్యంలోని ఎండుమైదానాలలో నివసిస్తుంది. బూడిదరంగు కంగారూలు తూర్పు, దక్షిణ భాగాలలో ఎక్కువ. చెట్లెక్కే కంగారూలు ఉత్తర క్వీన్స్‌లాండ్ వానఅడవులలోను, న్యూగినీలోను ఉన్నవి. ఎర్ర కంగారూ పగలు నీడను ఆశ్రయించి సందెవేళ మేతకు బయలుదేరుతుంది. వేడి హెచ్చితే ముంజేతులను నాకుకొంటుంది. అక్కడ చర్మం క్రింద దట్టంగా అల్లుకొన్న రక్తనాళాలు ఆ తడివలన చల్లబడతవి. దాని వెనుకకాళ్ళ స్నాయువులు దిగినప్పటి బలాన్ని దాచి తరువాతి గంతుకు తిరిగి ఇస్తవి. గంతులువేస్తూ వేగం పెంచినా ఊపిరి ఖర్చు అంతగా పెరగదని 1973లో ప్రయోగపూర్వకంగా కనుగొన్నారు. ఎక్కడో వాన కురిసి పచ్చిక మొలిచినచోటికి దూరమనక పోవలసిన జీవికి ఇది గొప్ప వరం.

అంతకంటె గొప్పది దాని తల్లితనం. సుమారు ముప్పదిమూడు రోజుల గర్భం తరువాత గ్రాము బరువైనా లేని పిల్ల పుట్టి, కళ్ళు తెరవకుండానే తల్లి రోమాలు పట్టుకొని ప్రాకి సంచిలోనికి చేరుకొంటుంది. అదే సమయంలో సంచి విడిచిన పెద్దపిల్ల వెంట తిరుగుతూ ఉండవచ్చును. ఇద్దరికీ తల్లి వేరువేరు చన్నులనుండి వేరువేరు పాలు ఇస్తుంది. లోపల మూడవది ఇంకను పిండంగా, పెరుగుదల ఆపుకొని, వేచి ఉంటుంది. సంచిలోని పిల్ల కరవుకు చనిపోతే ఆ పిండం మేలుకొంటుంది. కరవు మరీ దీర్ఘమైతే తల్లి ఈనడమే మానుకొంటుంది.

దీనిని చదివినప్పుడెల్లా నాకు మా తాతగారి విత్తనపు కుండ జ్ఞాపకం వస్తుంది. ఆయన మెట్ట సేద్యగాడు. కోతలు కాగానే మేలైన జొన్నలు ఏరి, బూడిద కలిపి, కుండలో పోసి, మూకుడుపెట్టి పేడతో మెత్తేవారు. ఇంటిలో గంజి పలచనైనా ఆ మూకుడు కదిలేది కాదు. ఒక ఏడు వాన తప్పింది. కుండ అట్లే ఉన్నది. మరుసటి ఏడూ తప్పింది, అప్పుడూ ఉన్నది. మూడవ ఏడు కూడ తప్పినప్పుడు మా అవ్వ దానిని విప్పి వండింది. తాతగారు ఆ పూట అన్నం తినలేదని మా తండ్రి చెప్పేవారు. ఆ తరువాత పొలం చేయి దాటిపోయినది. పొదుపు తెలియక కాదు; పొదుపుకు కూడ ఒక అడుగు ఉన్నది కనుక.

కోలాకు ఆ అడుగు చెట్టు. 1927 ఆగస్టులో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం వేటకు అనుమతి ఇవ్వగా ఆ ఒక్క నెలలో ఐదు లక్షలకు పైగా కోలాలను ఉన్నికోసం చంపారు. వేట నిలిచినది గాని చెట్లు కొట్టడం నిలువలేదు. ఊళ్ళు, పొలాలు అడవిని ముక్కలు చేయగా, ఒక చెట్టునుండి మరొక చెట్టుకు నేలమీద నడిచే కోలా కార్ల క్రింద, కుక్కల నోట పడుతున్నది. ఆపద వస్తే ఇంకా పైకొమ్మకు ఎక్కడం దాని స్వభావం. 2019-20 వేసవిలో మంటలు చెట్ల తలలకే అంటుకొన్నప్పుడు ఆ స్వభావమే దానికి మృత్యువైనది. కంగారూ ద్వీపంలో దాదాపు సగం నేల కాలిపోయినది. 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతాలలోని కోలాను అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు.

కంగారూ కథ ఒకే తీరున లేదు. పశువులకోసం త్రవ్విన నీటిగుంటలు, డింగో అనే అడవికుక్కను ఆపడానికి కట్టిన ఐదువేల ఆరువందల కిలోమీటర్ల కంచె పెద్ద కంగారూలకు కలిసివచ్చినవి. అవి పెరిగి, కరవు రాగానే గుంపులు గుంపులుగా మాడిపోతున్నవి. దాని చిన్న చుట్టాలకు ఆ భాగ్యమైనా దక్కలేదు. టూలాచ్ వాలబీ అనే దానిలో మిగిలినట్లు తెలిసిన చివరిది 1939లో బందీగానే మరణించినది.

కొద్దిపాటితో బ్రతికేవారిని మనం మెచ్చుకొంటాము. మెచ్చుకొంటూనే, ఇంతతో బ్రతికేవారు ఇంకొంచెం తక్కువతోనూ బ్రతుకగలరని లోలోపల అనుకొంటాము. నిజం ఇందుకు విరుద్ధం. కలిగినవానికి పోగొట్టుకొనడానికి ఎంతో ఉంటుంది. కొద్దితో బ్రతికేవాడు అప్పటికే అంచున ఉన్నాడు. ఆస్ట్రేలియాలో ఈ సంగతి గ్రహించినవారు లేకపోలేదు. కొన్నిచోట్ల రోడ్ల క్రింద కోలాలు దాటే దారులు కట్టారు. రైతులు పొలాల నడుమ చెట్ల వరుసలు పెంచుతున్నారు. 2025 సెప్టెంబరులో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం కోలాలకోసం ఒక పెద్ద జాతీయవనాన్ని తలపెట్టి, దాని హద్దులలో కలప కొట్టడం ఆపించినది. వారు ఆ జంతువుకు క్రొత్తగా ఇస్తున్నది ఏమీ లేదు. ఒక చెట్టు దిగి మరొక చెట్టు ఎక్కడానికి చాలినంత నేలను తిరిగి దానికే విడిచిపెడుతున్నారు. అది అడిగినదీ అంతే.