చవక బజారు కథ

హైటెక్ సిటీ చరిత్రను 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్‌తో మొదలుపెట్టడం మనకు అలవాటు. అక్కడ జీతాలు తీసుకొన్నవారు ఆ జీతాలను ఏ అంగళ్ళలో ఖర్చు పెట్టినారన్నది కూడా ఆ చరిత్రలో భాగమే. అందుకే ఈ వ్యాసంలో మేము బిగ్ బజార్ కథ చెప్పదలచినాము.

1987లో కిశోర్ బియానీ ముంబయిలో మాన్జ్ వేర్ అనే సంస్థను స్థాపించి ప్యాంట్లు తయారుచేయించి అమ్మినారు. 1997లో ఆ సంస్థ కలకత్తాలో పాంటలూన్స్ అనే పెద్ద దుస్తుల దుకాణం తెరచినది. 2001లో చవక వైపు తిరిగి, కలకత్తా, హైదరాబాదు, బెంగుళూరులలో 22 దినములలో మూడు బిగ్ బజార్లు తెరచినది. మన నగరంలో అది అబిడ్స్‌లో వెలసినది.

అద్దాల తలుపులు చూచి సామాన్యుడు జంకుతాడని బియానీ గ్రహించినారు. మద్రాసు త్యాగరాయనగర్‌లోని శరవణా స్టోర్స్ రద్దీ ఆయనకు ఆదర్శమైనది. అందుచేత తన దుకాణంలో ఇరుకును, సందడిని కావాలనే ఉంచినారు. బియ్యం, పప్పులు విడిగా పోసి, చేయి పెట్టి చూచుకొనే వీలు కల్పించినారు. బజారు పారశీక పదమని మా ఉర్దూ శాఖ మిత్రులు గుర్తు చేస్తుంటారు. పేరుకు తగినట్లే కట్టిన అంగడి అది! లాడ్ బజారులో ధర అడిగి, రెండడుగులు వెనుకకు వేసి, మరల పిలిపించుకొనే నేర్పు మాత్రం అక్కడ పనికివచ్చేది కాదు. ధర ముందే అచ్చయి ఉండేది. 2006 జనవరి 26న ప్రకటించిన చవక దినానికి జనం పోటెత్తగా కొన్నిచోట్ల పోలీసులు రావలసి వచ్చినది.

మన వీధి కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఉంటుంది, నెలాఖరున తీర్చవచ్చును. బిగ్ బజార్ కొనుగోలుదారునికి అరువు పుస్తకం ఉండేది కాదు. కాని ఆ సంస్థ తాను పెరిగినది అప్పుల మీదనే. ఆ భారం తగ్గించుకొనుటకు 2012లో పాంటలూన్స్‌ను ఆదిత్య బిర్లా వర్గానికి అప్పగించినది. అయినా విస్తరణ ఆగలేదు. మాదాపూర్ ఇనార్బిట్ మాల్‌లో కూడా దుకాణమున్న హైపర్‌సిటీని 2017లో 655 కోట్ల రూపాయలకు కొన్నది. కొనుగోలుదారుని మనసు ఇంతగా ఎరిగినవారు వడ్డీ లెక్కను ఎందుకు ఉపేక్షించినారో మాకు అంతుపట్టదు.

2020లో లాక్‌డౌన్ వచ్చినది. ఆ ఆగస్టులో రిలయన్స్‌తో కుదిరిన 24,713 కోట్ల ఒప్పందానికి అమెజాన్ అడ్డుపడినది. 2022 ఫిబ్రవరిలో, అద్దె బకాయిలు పడిన అనేక దుకాణాలను రిలయన్స్ స్వాధీనం చేసుకొన్నది. ఏప్రిల్‌లో ఋణదాతలు ఒప్పందాన్ని తిరస్కరించినారు. జులైలో దివాలా విచారణ మొదలై, 2024లో ఆస్తుల విక్రయానికి ఉత్తర్వు వెలువడినది. పాంటలూన్స్ మాత్రం మరొకరి చేతిలో బ్రతికే ఉన్నది.

మా విద్యార్థులలో కొందరు తరగతులు ముగియగానే మాదాపూర్, కొండాపూర్ మాల్స్‌లో బిల్లింగ్ కౌంటర్ల వద్ద నిలుచుంటారు. దుకాణం బోర్డు మారితే తన పి.ఎఫ్. ఏమవుతుందని వారిలో ఒకరు అడిగినారు. యు.ఏ.ఎన్. సంఖ్య ఉద్యోగిదే గాని దుకాణానిది కాదని, అది ఎక్కడ చేరినా వెంట వస్తుందని చెప్పి, జీతపు చీటీ తెప్పించి ఆ సంఖ్య ఎక్కడ ఉన్నదో చూపించినాము.