నెల్లిమర్లలో రెండు దినములు

విజయనగరమునుండి పలాసవైపు పోవు పాసెంజరు బండి నెక్కినచో, సామాను సర్దుకొని కూర్చుండునంతలోనే నెల్లిమర్ల వచ్చును. ఊరి ప్రక్కగా చంపావతీనది పాఱుచుండును. మాఘమాసమున నేను చూచినప్పుడు అందు నీటికంటె నిసుకయే హెచ్చుగా నుండెను. ఇచటికి కొలది మైళ్ల దూరముననే రామతీర్థము. అచటి రామస్వామి కోవెలనుగూర్చియు, కొండలపైనున్న బౌద్ధజైన శిథిలములనుగూర్చియు పలువురు వ్రాసియున్నారు గనుక నేను మరల వ్రాయను. ఆ దర్శనమునకే బయలుదేఱి, త్రోవలో మా చెల్లెలి యింట రెండు దినములు నిలిచితిని. అచట విన్న మాటలే సోదరీమణులకు చెప్పదలచితిని.

ఈ ప్రాంతమువారికి నెల్లిమర్ల యనగానే జ్ఞప్తికి వచ్చునది జూటుమిల్లు. మనము పచ్చడి చేసికొను గోగుకూరకు చుట్టమైన గోగుమొక్కను ఇచటి రైతులు నారకొఱకు పండింతురు. కాడలు కోసి, కట్టలు కట్టి, చెఱువులో కుళ్లవేసి, నడుములోతు నీట నిలువబడి నార యొలుతురు. ఆ వాసన యెఱుగనివారికి గోనెసంచి వెల తెలియదని నా యభిప్రాయము. భీమునిపట్నపు రేవునుండి యెగుమతియైనందున ఈ నారకు విదేశపు వర్తకులలో ‘బిమ్లీ జూటు’ అని పేరు వచ్చినది. మిల్లు మాత్రము పలుమాఱులు మూతపడి, పలుమాఱులు తెఱువబడినది. మా చెల్లెలి మామగారు అందు ముప్పదియేండ్లకు పైగా మగ్గములయొద్ద పనిచేసిన వృద్ధులు.

మా చెల్లెలి కుమారుడు హైదరాబాదులో ఆటలు తయారుచేయు నొక చిన్నసంస్థలో నుద్యోగి. వాడు సెలవునకు వచ్చుచు ఎక్స్‌బాక్స్ అను నమెరికా ఆటయంత్రమును తెచ్చి, ముందుగదిలో టీవీకి తగిలించెను. మాటలలో, ‘ఇది అమెరికాలో ఎంత చెల్లినను జపానులో చెల్లలేదు పెద్దమ్మా’ అనెను. కునుకుచున్నారనుకొన్న మామగారు కన్నులు తెఱచి, ‘అంత పెద్ద కంపెనీ సరుకు ఆల్లు కొన్నేదా? ఏటి లోపం?’ అని యడిగిరి.

వాడు చెప్పిన వృత్తాంత మిది. మైక్రోసాఫ్టువారు ఈ యంత్రమును 2001 నవంబరు 15వ తేదీని అమెరికాలో విడుదలచేసి, 2002 ఫిబ్రవరి 22వ తేదీని జపానులో దింపిరి. అధిపతియైన బిల్ గేట్సు స్వయముగా టోక్యోకు పోయి మొదటి యమ్మకమున పాల్గొనెను. ధనమునకు కొదువలేదు, యంత్రము బలమైనది. అయినను అచట మొత్తముమీద సుమా రైదులక్షలు మాత్రమే యమ్ముడుపోయెను. అదేకాలమున ఆ దేశపు సోనీవారి ప్లేస్టేషన్ 2 అను యంత్రము రెండుకోట్లకు పైగా చెల్లెను.

కారణములు వినగా నాకు మన యిండ్లే జ్ఞప్తికి వచ్చెను. జపాను పట్టణములలో ఇండ్లు ఇఱుకు. ఈ పెట్టెయో మిక్కిలి పెద్దది, బరువైనది. ఆడు బిళ్లలపై గీతలు పడుచున్నవని తొలిదినములలోనే ఫిర్యాదులు వచ్చెను. అమెరికావారికి తుపాకుల యాటలన్న ప్రీతి. జపానువారికి దీర్ఘకథలతో నడచు నాటలు ప్రియము. అట్టివి ఇందు కొలదిగా నుండెను. పైగా ఆ దేశమున పరీక్షాపత్రముపై సున్న చుట్టిన నొప్పు, ఇంటూగుర్తు వేసిన తప్పు. ఆ తప్పుగుర్తునే పేరునకు ముందు తగిలించుకొని వచ్చిన పెట్టెను జూచి గృహిణు లేమనుకొనిరో గాని, నేనైనచో నవ్వియుందును.

అసలు ఆ దేశమున ఆటయంత్రము ఇంటిలోనిదై యుండెను. క్యోటోనగరమున 1889లో పువ్వుల బొమ్మల పేకలు చేయుటతో మొదలైన నింటెండో సంస్థ 1983లో తెచ్చిన యంత్రము పేరే ‘ఫ్యామిలీ కంప్యూటరు’. తల్లి వద్దన్నది ఇంటిలో నెట్లు నిలుచును? క్రొత్తవారు బలమునే చూపిరి గాని చనువు సంపాదింపలేదు.

ప్రయత్నము చేయలేదనుట న్యాయము గాదు. 2005 డిసెంబరులో రెండవ యంత్రము తెచ్చిరి. అచటి సుప్రసిద్ధ రచయిత సకగుచి చేత, చిత్రకారుడు తొరియామా బొమ్మలతో ‘బ్లూ డ్రాగన్’ అను కథాక్రీడను చేయించి 2006లో వెలువరించిరి. ఆ యంత్రము పదునాఱు లక్షల వఱకు చెల్లెను. మూడవదానిని అమెరికాలో 2013 నవంబరున ఇచ్చి, జపానువారికి 2014 సెప్టెంబరు వఱకు చూపలేదు. అప్పటికి మన హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల ఆ సంస్థకు అధిపతియై కొలది నెలలైనది. పెండ్లివారు తిన్నతరువాత విస్తరి వేసినచో చుట్టము లూరకుందురా? అది లక్షకు కొంచెము పైన మాత్రమే పోయినది. 2020లో నాల్గవదానిని మాత్రము అమెరికాతోపాటు నవంబరు 10వ తేదీనే అచటను ఇచ్చిరి. అది మూడవదానికంటె మెఱుగుగానే చెల్లినది.

నా కన్నిటికంటె నచ్చినది వేఱొకటి. మొదటి యంత్రముతో వచ్చిన చేతిపరికరము జపానువారి చేతుల కిమడదని, వారికొఱకు చిన్నది చేయించిరి. దానిని చూచి అమెరికావారును అదియే కావలెననిరి. పెద్దది మూలబడి, చిన్నదే యెల్లవారికిని పరికరమయ్యెను. ఇప్పుడు మావాని చేతిలోనున్నదియు ఆ వంశములోనిదే.

మామగారు కొంతసే పూరకుండి యిట్లనిరి: ‘సిమెంటోలు ఒకప్పుడు మా గోనిలోనే సిమెంటు పోసీవోరు. ప్లాస్టిక్కొచ్చాక మానీసినారు. మీకేటి కావాలని ఆల్నెవులూ అడగనేదు. ఇలగెందుకు నేస్తన్నామని మేమూ అడగనేదు. మగ్గం ఆడతంది గదా అనుకున్నాం.’

ధాన్యమును జనుపసంచులలోనే నింపవలెనను 1987 నాటి చట్టమే నేటికి దేశములోని జూటుమిల్లులకు ముఖ్యమైన యాసరా. ఆటపెట్టెకు అట్టి చట్టమును జపానులో నెవరు చేయుదురు?

మనుమడు పరికరమును తాతచేతిలో పెట్టెను. నార పోగులు పట్టి కాయలు కాచిన ఆ వ్రేళ్ల నడుమ అది పిచ్చుకపిల్లవలె నుండెను. ‘నా సేతికి పెద్దదే బాగుంటాది’ అని ఆయన నవ్విరి.

మఱునాటి ప్రొద్దున పెరటిలో కూర తఱుగుచు మా చెల్లెలు మెల్లగా, ‘అక్కా, 2024 జనవరిలో ఆ మైక్రోసాఫ్టువారే ఆటల విభాగములో 1,900 మందిని తీసివేసిరట. వీని సంస్థ అట్టి పెద్దవారిచ్చు పనిమీదనే బ్రతుకుచున్నది. మామగారికి మిల్లు మూతపడినప్పుడెల్ల ఈ యింట పొయ్యి యెట్లు వెలిగినదో నే నెఱుగుదును. వీనిదియు అట్టి యుద్యోగమేనా?’ అని యడిగెను.

నేను బదులు చెప్పులోపలనే రామతీర్థమునకు మాటాడిన ఆటో వీధిలో నిలిచెను. మావాడు నా సంచి నందుకొని ముందు నడచెను. అది గోనెసంచియే, మామగారు నా కిచ్చినది.