పాట పోరంబోకు కాదు

జానపదం అనే మాటంటే నాకు ప్రేమ. ఈమధ్య ఆ మాట చూస్తే భయం కూడా వేస్తోంది. ఫోనులో ఏదో పాత పాట పెట్టుకుంటాం. రచన సంప్రదాయం, బాణీ సంప్రదాయం అని రాసి ఉంటుంది. దాని కిందే హక్కులన్నీ ఫలానా కంపెనీవి అని ఉంటుంది. పాటకి అమ్మానాన్నా లేరట, యజమాని మాత్రం ఉన్నాడట! పట్టా లేని భూమిని పోరంబోకు అనటం, ఆనక బలమున్నవాడు దాని చుట్టూ కంచె వేసుకోవటం మన ఊళ్ళు ఎరగని సంగతి కాదు. ఇప్పుడు పాటల వంతు వచ్చింది.

దక్కనీ ముస్లింల ఇళ్ళల్లో పెళ్ళంటే ఢోలక్ గీతాలు. మాంఝా, సాంచక్, మెహందీ, ఏ వేడుకకి ఆ పాటలు. ఆడవాళ్ళంతా ఒక గదిలో చేరతారు. తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. ఒకామె ఢోలక్ వాయిస్తుంటే ఇంకొకామె దాని చెక్కమీద చెంచాతో తాళం వేస్తుంది. వియ్యపురాలిని ఆటపట్టిస్తారు. పెళ్ళికొడుకుని వెక్కిరిస్తారు. అత్తలమీద కసి తీర్చుకుంటారు. పిల్లని సాగనంపే పాట దగ్గర అందరూ ఏడుస్తారు. బయట గొంతు పెగలని మా ఆడవాళ్ళు ఆ గదిలో ఎన్నెన్ని మాటలు అనేవాళ్ళో! నేనూ వాళ్ళ మధ్య కూర్చుని చప్పట్లు కొట్టినదాన్నే.

ఈ బాణీలు ఎవరు కట్టారు? 17వ శతాబ్దంలో బీజాపూర్ సూఫీలు తిరగలి విసిరే ఆడవాళ్ళకోసం దక్కనీలో చక్కీనామాలు రాశారు. అమెరికన్ చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 1970లలో వాటిమీద పరిశోధన చేశాడు. దేవుడి మాట సూఫీలది, విసురుపాట వరస ఆడవాళ్ళది. సూఫీలకి దర్గాలు ఉన్నాయి, ఉర్సులు జరుగుతున్నాయి. తిరగలి తిప్పినవాళ్ళ పేరు ఒక్కటీ మిగల్లేదు. మా పాటలకి పేర్లు లేకపోవటం ఇంటర్నెట్‌తో మొదలైంది కాదు. ఇంటర్నెట్ ఆ లేమిని సొమ్ము చేసుకుంది, అంతే.

మా ఖాలాకి ఇలాంటి పాటలు వందకి పైగా వచ్చు. కొన్నేళ్ళ కిందట మా ఇంటి పెళ్ళిలో ఆమె పాడుతుంటే పిల్లలెవరో ఫోనులో పట్టి ఇంటర్నెట్‌లో పెట్టారు. వారం తిరగకముందే నోటీసు వచ్చింది. ఆ పాటమీద హక్కులు ఒక ఆడియో కంపెనీవట, ఆ వీడియోమీద డబ్బంటూ వస్తే వాళ్ళకే పోతుందట. ఖాలా ఆ పాటని వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. అప్పటికి ఆ కంపెనీ పుట్టనే లేదు. పత్రికలో పనిచేసేదాన్ని గదా అని పిల్లలు నా దగ్గరికి వచ్చారు. అభ్యంతరం రాసి పంపాం. దాన్ని పరిశీలించింది కూడా ఆ కంపెనీయే. హక్కు మాదే అని ఖాయం చేసుకుంది. ఫిర్యాదు ఎవరిమీదో తీర్పరీ వాళ్ళే!

ఇదంతా చెబితే ఖాలా కంపెనీ గురించి ఒక్క ముక్క అడగలేదు. "మేరే కు పూఛే బగైర్ కైకు డాలే?" అంది. నన్ను అడక్కుండా ఎందుకు పెట్టారని. ఆడవాళ్ళ మధ్య, తలుపు వేసుకుని పాడిన పాట అది. పాట ఎవరి సొత్తు అని మేం కొట్లాడుతున్నాం. ఎవరు వినొచ్చో చెప్పాల్సింది ఎవరని ఆమె అడుగుతోంది. పిల్లలు వీడియో తీసేశారు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసినవాళ్ళకీ, బాణీ కట్టినవాళ్ళకీ బతికినన్నాళ్ళూ, పోయాక 60 ఏళ్ళూ హక్కు ఉంటుంది. నోటినుంచి నోటికి తరాలు దాటి వచ్చిన బాణీకి కర్త ఫలానా అని చూపించలేం గనుక అది అందరిదీ. రికార్డు చేసినవాళ్ళకి 60 ఏళ్ళ హక్కు వస్తుంది. ఆ రికార్డుమీదే, బాణీమీద కాదు. అదే వరసని ఖాలా తన గొంతుతో పాడుకుంటే అడ్డుచెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ ఇంటర్నెట్‌లో పాటల్ని పోల్చేది యంత్రం. తన దగ్గరున్న నమూనాతో కలిసిందంటే చాలు, పట్టుకుంటుంది. నమూనా ముందు ఇచ్చినవాడు దొర, తర్వాత పాడినవాడు దొంగ. పెళ్ళిళ్ళలో పాడి పొట్టపోసుకునే మిరాసను ఏ నమూనా ఇస్తుంది?

అదే చట్టంలో మనవాళ్ళు తిరగెయ్యని పేజీ ఒకటుంది. 1994 సవరణ ప్రదర్శకులకి హక్కులిచ్చింది. ప్రదర్శకులంటే సినిమా గాయకులు, నటులే కారు. గారడీవాళ్ళు, పాములాడించేవాళ్ళు కూడా అని చట్టమే చెప్పింది. ఆ లెక్కన ఖాలా కూడా ప్రదర్శకురాలే. ఇప్పుడా హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. పాడినవాళ్ళు తమ పేరు చెప్పమని అడిగే హక్కుని 2012 సవరణ ఇచ్చింది. అడక్కుండా ఎందుకు పెట్టారన్న ఖాలా ప్రశ్నకి చట్టంలో చోటుంది. ఆ సంగతి ఆమెకి చెప్పినవాళ్ళు లేరు.

పేరు పోవటానికి వందల ఏళ్ళు అక్కర్లేదు. 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిన బండ్ల పాటని జానపదం అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కట్టింది సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. 2020లో బాద్‌షా అనే గాయకుడి 'గేందా ఫూల్' దేశమంతా మోగింది. అందులోని బెంగాలీ మాటల్ని సంప్రదాయం ఖాతాలో వేశారు. వాటిని కట్టిన రతన్ కహార్ బీర్భూమ్ జిల్లాలో పేదరికంలో బతికే ఉన్నాడు! జనం అడిగాక బాద్‌షా ఆయనకి 5 లక్షలు పంపాడు. 2024లో ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. బతికున్న మనిషినే సంప్రదాయం చేసేసినవాళ్ళకి మా నానమ్మలు ఒక లెక్కా?

అలాగని ఇవి ముస్లింల బాణీలు, ఎవరూ ముట్టుకోవద్దు అని నేను అనను. పీర్ల పండుగలో గుండం చుట్టూ అలాయి ఆడుతూ హసన్ హుస్సేన్‌ల కథని తెలుగులో పాడేవాళ్ళలో అన్ని కులాల హిందువులూ ఉన్నారు. ఆ పాట వాళ్ళదీ, మాదీ. బుర్రకథలో బొబ్బిలి యుద్ధాన్ని, పల్నాటి యుద్ధాన్ని జనం కళ్ళకి కట్టించిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు ముస్లిం. పాటకి మతం అంటగట్టి తాళం వేస్తే ముందు నష్టపోయేది మేమే. ఢోలక్ వాయించటం హరామ్ అనేవాళ్ళు మాలోనే ఉన్నారు. వాళ్ళొక పక్క, డీజేలు ఒక పక్క. ఈ నడుమ ఎవరో పాడి, ఎవరో పంచుకుంటేనే ఈ బాణీలు బతుకుతాయి. కాబట్టి పంచుకోవాలి. ఎట్లా అన్నదే ప్రశ్న.

మావాళ్ళ దగ్గర దీనికొక మాట ఉంది. వక్ఫ్. వక్ఫ్ చేసినదాన్ని అమ్మకూడదు, దానమివ్వకూడదు, వారసత్వంగా పంచుకోకూడదు. దాని ఫలం నలుగురికీ అందాలి. ముతవల్లీ దాన్ని చూసుకునే మనిషే, యజమాని కాడు. ఇచ్చినవాళ్ళు ఏ ఉద్దేశంతో ఇచ్చారో అదే నడవాలి. కాగితం లేకపోయినా తరాలుగా వాడుకలో ఉన్నదాన్ని వాడుకవల్లే వక్ఫ్‌గా గుర్తించే పద్ధతి ఉండేది. 2025 సవరణ చట్టం ఇకముందుకి ఆ పద్ధతిని తీసేసింది. వాడుక తప్ప కాగితం లేనివాళ్ళ గతి ఏమిటో మా మసీదులకీ, శ్మశానాలకీ తెలుసు. మా పాటలదీ అదే గతి. వక్ఫ్ భూములు ఎట్లా కబ్జా అయ్యాయో, అందులో మా పెద్దల చేతులు ఎన్ని ఉన్నాయో తెలిసే ఈ మాట అంటున్నాను. కాపలా లేని వక్ఫ్ కూడా పోరంబోకే అవుతుంది.

పాటకి కాపలా అంటే తాళం కాదు, పేరు. ఎవరు పాడారు, ఏ ఊళ్ళో, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని రాయటం. పెట్టేముందు అడగటం, వద్దంటే ఆగటం. నాలుగు డబ్బులు వస్తే పాడినామెకి వాటా ఇవ్వటం. వీటికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. జానపద సంపద రక్షణమీద ప్రపంచ మేధోసంపత్తి సంస్థ 2000లో కమిటీ వేసింది. 2024లో ఒక ఒప్పందం కుదిరింది. అది జన్యు వనరులకీ, వాటికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానానికీ మాత్రమే. పాట అందులో లేదు.

పాటలు సేకరించే మిత్రులకి, ముస్లింలకీ కానివాళ్ళకీ, నేను చెప్పేది ఒకటే. "సంప్రదాయం" అని రాసే ముందు ఒక్కసారి ఆ పాడినామెని పేరు అడగండి. చెప్పొద్దంటే అది ఆమె ఇష్టం. చెబితే ఆ పేరు పాటతోపాటు వెళ్ళాలి.