భవంతి ఇల్లు పడగొట్టే ముందు

మన వికారాబాద్‌కు ఆ పేరు పెట్టింది నవాబ్ వికారుల్ ఉమ్రా పేరు మీదే. హైదరాబాద్‌లో ఫలక్‌నుమా కట్టించిందీ ఆయనే. 1884లో పని మొదలైంది. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి పోయింది. చాలా ఏళ్లు మూతబడి ఉన్న ఆ ప్యాలెస్‌ను బాగు చేయించి 2010లో తాజ్ వాళ్లు హోటల్‌గా తెరిచారు. 101 మంది ఒకేసారి కూర్చుని తినే బల్ల ఉందక్కడ!

నా మనసు మాత్రం మా బొంరాస్‌పేట దిక్కు ఊళ్లల్ల మిగిలిన భవంతి ఇళ్ల మీదే ఉంది. మందపాటి గోడలు, కట్టె స్తంభాలు, నడుమ ఆకాశం కనబడే వాకిలి, కాళ్ల కింద చల్లటి తాండూరు బండలు. పిల్లలు పట్నం పోయారు, ఇళ్లకు తాళాలు పడ్డాయి. కొన్ని ఇప్పటికే కూలిపోయాయి, చూస్తే కడుపు తరుక్కుపోతది.

ఈ ఇళ్లను నిలబెట్టుకునే దారి ఒకటుంది: కేంద్ర పర్యాటక శాఖకు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం ఉంది. ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉంటూ 1 నుంచి 6 గదుల దాకా అతిథులకు ఇవ్వొచ్చు. మన అనంతగిరి గుట్టలకు ఆదివారమొస్తే ఎంత జనమో! వాళ్లలో కొందరైనా ఇటొచ్చి, రాత్రి వాకిట్లో మంచాలేసుకుని పడుకుని, పొద్దున జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం, 2022లో జీఐ గుర్తింపు వచ్చిన మన తాండూరు కందిపప్పు తిని పోరా?

ఊళ్లో పాత ఇల్లున్నవాళ్లు పడగొట్టే ముందు ఒక్కసారి పాతకాలం పని తెలిసిన మేస్త్రీకి, వడ్లాయనకు చూపించండి. దూలాలు గట్టిగుంటే నాకు చెప్పండి, నేనే వచ్చి చూస్తా.