ఇల్లందు తండాలో ఫేటియా

బాలలారా! ఖమ్మం నుంచి ఉత్తరంగా అడవి దారి పట్టి పోతే ఇల్లందు వస్తుంది. దీనికి బొగ్గుట్ట అని మరొక పేరు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలయింది. సింగరేణి గనులకు పుట్టినిల్లు ఇదే. 2016 నుంచి ఈ ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది.

అయితే ఈసారి మనం గనుల వైపు పోవటం లేదు. ఊరు దాటితే చుట్టుపక్కల కోయగూడేలూ, లంబాడీ తండాలూ ఉన్నాయి. ఒక తండాలోకి పోదాం. వేపచెట్టు నీడన ఒక అవ్వ ఎర్రని గుడ్డ మీద అద్దపు బిళ్ళలు కుడుతున్నది. అద్దానికి బెజ్జం లేదు గదా, సూది ఎలా దిగుతుంది? జాగ్రత్తగా చూడండి. ముందు బిళ్ళ మీదుగా దారాలు అడ్డంగా, నిలువుగా లాగి బిగిస్తుంది. తరువాత ఆ దారాలను పట్టుకుని చుట్టూ కుట్టు వేస్తుంది. బిళ్ళ ఇక కదలదు. ఆమె కుడుతున్నది లంగా. లంబాడీలు దానిని ఫేటియా అంటారు. మనుమరాలికి తీజ్ పండుగకు కావాలట.

నేను పంతులుగా ఉన్న రోజులలో ఒక కుర్రవాడు ఫేటియా కట్టిన ముసలమ్మను చూసి, “ఇన్ని కుచ్చిళ్ళెందుకు? గుడ్డ దండగ!” అని నవ్వాడు. నేను కోప్పడలేదు. ఒక లెక్క ఇచ్చాను. నడుము 24 అంగుళాలు. మడత పక్కనే మడత వేస్తే నడుము దగ్గర గుడ్డ మూడు పొరలవుతుంది. ఎంత గుడ్డ కావాలి? వాడు పలక మీద 72 అంగుళాలు, అంటే 2 గజాలు అని వేశాడు. “ఇప్పుడు 24 అంగుళాల గోనెసంచిలో దూరి కాలవ దాటు, చూద్దాం!” అన్నాను. తరగతి అంతా నవ్వింది. వాడికి సంగతి బోధపడింది. పూర్వం లంబాడీలు ఎద్దుల మీద ఉప్పూ, ధాన్యమూ వేసుకుని దేశమంతా నడిచేవారు. నడుము దగ్గర బిగువు, కాళ్ళ దగ్గర విశాలం: నడిచేవారికి కావలసింది అదే గదా!

కుచ్చిళ్ళు ఆడవారికేననుకునేరు! స్కాట్లండు దేశంలో మగవారు కిల్టు కడతారు. అది మోకాళ్ళ దాకా వచ్చే ఉన్ని లంగా. ముందు భాగం చదునుగా ఒకదానిపై ఒకటి కప్పుకుంటుంది, కుచ్చిళ్ళన్నీ వెనకే. వేడుకల కిల్టుకు సుమారు 8 గజాల గుడ్డ పడుతుంది. జేబు ఉండదు కనుక ముందు తోలుసంచి వేలాడదీస్తారు. 1746లో ఒక తిరుగుబాటు తరువాత ప్రభుత్వం సైనికులు తప్ప స్కాట్లండులో మగవారెవ్వరూ ఈ దుస్తులు కట్టరాదని చట్టం చేసింది. 1782లో ఆ చట్టం పోయింది. కిల్టు మాత్రం పోలేదు! ఇప్పుడు పెళ్ళిళ్ళకు కడుతున్నారు. రోజూ కట్టడానికి నూలుగుడ్డతో, జేబులతో తేలికగా కూడా కుట్టించుకుంటున్నారు.

మన మనుమరాలికీ అటువంటి కోరికే ఉన్నది. పండుగ ఫేటియా అద్దాలతో, గవ్వలతో బరువు. బడి వేడుకకు, సంతకు తేలికైనది కావాలి. మరి ఏమేమి ఎంచుకోవాలి? అవ్వ, మనుమరాలు, దర్జీ ముగ్గురూ మాట్లాడుకోవాలి. ఒకసారి కత్తెర పడితే గుడ్డ మళ్ళీ అతకదు!

గుడ్డ: ఇక్కడి ఎండలకు ఉన్ని పనికిరాదు. గట్టి నూలుగుడ్డ మేలు. కుట్టేముందు ఒకసారి తడిపి ఆరవేయాలి. లేకుంటే తరువాత ముడుచుకుపోతుంది.

పొడవు: చీలమండకు కాస్త పైకి. బురద, ముళ్ళు తగలవు. అంచు లోపలికి మూడంగుళాలు మడిచి కుట్టిస్తే, పిల్ల ఎదిగినప్పుడు విప్పి దింపుకోవచ్చు. నడుముకు బొందు పెడితే అదీ సర్దుకుంటుంది.

జేబు: కుడి పక్క కుట్టులో ఒకటి. బస్సు డబ్బులకు చాలు.

అద్దాలు: అంచు మీద ఒక వరుస, నడుము పట్టీ ముందు ఒక వరుస. కూర్చునే చోట వద్దు; విరిగితే గుచ్చుకుంటాయి.

కూలి: మిషను కుట్టు దర్జీది, చేతికుట్టు అవ్వది. ఇద్దరి శ్రమకూ వెల ఉన్నది. “అవ్వే గదా” అని చేతికుట్టును ఉచితంగా అడగరాదు.

ఇవన్నీ మాట్లాడేటప్పుడు ఆ పిల్ల పక్కన కూర్చుని ఆ అద్దపు కుట్టు కూడా నేర్చుకుంటే ఎంత బాగుంటుంది! నేడు చాలా తండాలలో ఫేటియా పెద్దవారి ఒంటి మీదనే కనిపిస్తున్నది. పిల్లలు బడిలో ఎవరైనా నవ్వుతారని జంకుతారు. స్కాట్లండులో చట్టం 36 ఏళ్ళు ప్రయత్నించి చేయలేని పనిని మన ఎగతాళి ఇట్టే చేయగలదు. కనుక ఎవరి దుస్తులనైనా చూసి నవ్వు వచ్చినప్పుడు, “ఇది ఎందుకిలా ఉన్నది?” అని ముందు అడగండి.

ఈ సెలవులలో మీ ఇంట్లో పాత పరికిణీ ఒకటి తీయించి, టేపు పెట్టి నడుమూ అంచూ కొలవండి. అంచు నడుముకు ఎన్ని రెట్లున్నదో లెక్క కట్టండి. దానిని కుట్టినవారు ఏమి ఆలోచించారో మీకే తెలుస్తుంది.