చింతాద్రిపేట నుంచి వినోదవనాల దాకా

థీమ్ పార్కుల చరిత్ర చెప్పే పాడ్‌కాస్టు ఒకటి నాకు బాగా అలవాటైంది. ఫలానా రాట్నం ఎవరు కట్టారు, ఫలానా పార్కు ఎందుకు మూతపడింది, జనం అక్కడికి ఏం ఆశించి వచ్చేవారు, ఇవే అందులో కబుర్లు. చెప్పేవాళ్ళకు ఆ విషయం మీద ఉన్న ప్రేమ గొంతులోనే తెలిసిపోతుంది. వాళ్ళు న్యూయార్క్ గురించి, లాస్ ఏంజిలస్ గురించి చెబుతుంటే నాకు మాత్రం మద్రాసే మనసులో మెదిలేది. అందుకని ఈసారి చింతాద్రిపేటలో పెద్దమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని పెట్టుకున్నాను. నాకిష్టమైన భాగాలు మళ్ళీ వింటూ, మద్రాసు వినోదాల చరిత్రను వరసగా చూసి రావాలని.

చింతాద్రిపేటను కూవం నది మూడువైపులా చుట్టుకుని ఉంటుంది. 1734లో గవర్నర్ జార్జ్ మోర్టన్ పిట్ కాలంలో, సుంకురామ చెట్టి అనే వర్తకుడి తోటలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు నేతగాళ్ళ కోసం ఈ పేట కట్టించారు. ఇప్పుడు మగ్గాల చప్పుడు లేదు. చేపల మార్కెట్టు సందడి ఉంది, ఇరుకు వీధులున్నాయి, ఆ వీధుల్లో ఆదికేశవ పెరుమాళ్ కోవెల, దాని పక్కనే శివాలయం ఉన్నాయి. అరవం మధ్యలో తెలుగు వినబడితే ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

"పొద్దున్నే చెవుల్లో అవేందిరా?" అంది పెద్దమ్మ, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

"పార్కుల కథలు పెద్దమ్మా. రంగులరాట్నాలు, జూలు, ఎగ్జిబిషన్లు..."

"దానికి చెవిలో పెట్టుకోవాల్నా? నన్నడిగితే నేను చెప్పనా?" అని ఆమె మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు గూడూరు నుంచి రైల్లో మద్రాసు చూడటానికి వచ్చారట. సెంట్రల్ స్టేషన్లో దిగీ దిగగానే పక్కనే ఉన్న బతికిన కాలేజీకి, మర్నాడు ఎగ్మూరులో చచ్చిన కాలేజీకి వెళ్ళారట. మొదటిది జూ, రెండోది మ్యూజియం. మద్రాసు చూసొచ్చిన మన పాతతరం వాళ్ళందరికీ ఆ పేర్లు తెలుసు. "పులి బోను దగ్గిర వాసనకి మా నాయన తుండుగుడ్డ ముక్కుకి కట్టుకున్నాడు. మేం మాత్రం కదల్లా" అంది. నేను పాడ్‌కాస్టు ఆపి, ఫోనులో రికార్డింగు నొక్కి, ఆమె చెప్పినంతసేపూ విన్నాను.

తర్వాత బయల్దేరి ముందు బ్లాకర్స్ రోడ్డు వైపు నడిచాను. చింతాద్రిపేటకు, మౌంట్ రోడ్డుకు నడుమ ఉన్న ఈ దారిలోనే మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య 1910ల దశకంలో గెయిటీ సినిమాహాలు కట్టించారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టించిన తొలి సినిమాహాలుగా దాన్ని చెబుతారు. ఆయన వృత్తి ఫొటోగ్రఫీ. బొమ్మకు తోడుగా శబ్దం వినిపించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని విదేశం నుంచి తెప్పించి, ఊరూరా తిరిగి చూపించారు. తెలుగు సినిమాకు పితామహుడని ఆయన పేరిట ప్రభుత్వం అవార్డు ఇస్తోంది కానీ, గెయిటీ ఇప్పుడు లేదు.

అక్కడ నిలబడి నేను విన్న భాగం హాలీవుడ్ గురించి. 1915లో కార్ల్ లెమ్లీ తన యూనివర్సల్ స్టూడియోలో షూటింగు చూడటానికి జనాన్ని 25 సెంట్ల టిక్కెట్టు మీద లోపలికి రానిచ్చాడు. టాకీలు వచ్చాక చప్పుడు కూడదని ఆ ఏర్పాటు ఆగిపోయింది. మళ్ళీ 1964లో బండ్లలో తిప్పి చూపించే పద్ధతిలో మొదలై, అదే పెద్ద థీమ్ పార్కుగా ఎదిగింది. మద్రాసులోనూ జనం కోరిక అదే. వడపళనిలో ఏ.వి.ఎం. స్టూడియో గేటు మీద తిరిగే భూగోళాన్ని చూడటానికి, వాహినీ వాకిట్లో ఒక్క హీరో అయినా కనిపిస్తాడేమోనని నిలబడటానికి నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఎన్ని కుటుంబాలు రాలేదు! తెరమీద చూసిన లోకంలోకి కాళ్ళతో నడిచి వెళ్ళాలన్న ఆ కోరికే థీమ్ పార్కుకు పునాది.

కూవం వంతెన దాటి పార్క్ టౌన్ చేరాను. ఈ పేటకు ఆ పేరు రావడానికి కారణమైన పీపుల్స్ పార్కును గవర్నర్ ట్రెవెల్యన్ 1859లో తలపెట్టాడు. నూటపదహారు ఎకరాల తోట, చెరువులు, బ్యాండు వాయించే మంటపం, ఆ తర్వాత జూ. ఇవాళ అక్కడ నిలబడితే రిప్పన్ భవనం, నెహ్రూ స్టేడియం, లోకల్ రైళ్ళ స్టేషను కనిపిస్తాయి. ఆ తోట నేల మీదే వెలసిన మూర్ మార్కెట్టు 1985 మే నెలలో కాలిపోయింది. అదే ఏడాది జూ వండలూరుకు తరలిపోయింది. మై లేడీస్ గార్డెన్ అనే చిన్న తోట మాత్రం మిగిలింది. దాని బెంచీ మీద కూర్చుని కోనీ ఐలండ్ భాగం పెట్టుకున్నాను.

న్యూయార్క్ సముద్రతీరంలోని కోనీ ఐలండ్‌లో 1903లో లూనా పార్కు, 1904లో డ్రీమ్‌లాండ్ తెరుచుకున్నాయి. లక్షల విద్యుద్దీపాలు రాత్రిని పగలు చేసేవి. మార్టిన్ కౌనీ అనే ఆయన అక్కడ నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల్ని ఇంక్యుబేటర్లలో ఉంచి, చూడవచ్చిన వాళ్ళ దగ్గర టిక్కెట్టు వసూలు చేసేవాడు. ఆ డబ్బుతోనే పిల్లల్ని బతికించాడు. తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోలేదు. ఆసుపత్రులు ఆశ వదులుకున్న వేలమంది బిడ్డలు అలా సంతలో బతికి బట్టకట్టారు. డ్రీమ్‌లాండ్‌లో మంటలార్పే విన్యాసం ఒక ప్రదర్శనగా ఉండేది. 1911 మే 27 తెల్లవారుజామున ఆ పార్కు మొత్తం నిజమైన మంటల్లో బూడిదైంది. ఇంక్యుబేటర్లలోని పసివాళ్ళనందరినీ కాపాడగలిగారు.

అది వింటుంటే నేను కూర్చున్న నేల చరిత్ర మనసును పట్టి లాగింది. ఈ పీపుల్స్ పార్కులో ఏటా క్రిస్మస్ రోజుల్లో పెద్ద సంత జరిగేది. తాటాకు పందిళ్ళు, దుకాణాలు, ఆటలు, బాణసంచా. 1886 డిసెంబరు 31న ఆ పందిళ్ళు అంటుకుని వందలమంది చనిపోయారు. మద్రాసు చరిత్రలో అంత పెద్ద అగ్నిప్రమాదాలు అరుదు. కోనీ ఐలండ్ మంటల గురించి ప్రపంచమంతా పుస్తకాలు రాసుకుంది. ఇక్కడ చనిపోయిన వాళ్ళ సంగతి రోజూ ఈ దారిన రైలెక్కే లక్షలమందిలో ఎందరికి తెలుసు?

రిప్పన్ భవనం పక్కనే ఉన్న ఎర్రటి విక్టోరియా పబ్లిక్ హాలును కూడా చూశాను. మద్రాసువాసులు మొదటిసారి కదిలే బొమ్మలు చూసింది 1896లో ఈ హాల్లోనే అంటారు. వెంకయ్య తన యంత్రంతో ఆటలు వేసిందీ ఇక్కడే. తోట, సంత, సినిమా మూడూ ఒకే చోట పుట్టి పెరిగాయి.

పార్క్ టౌన్‌లో ఎం.ఆర్.టి.ఎస్. రైలెక్కి దక్షిణానికి మళ్ళాను. చింతాద్రిపేట స్టేషనుకు తూర్పున కొద్ది దూరంలో ఐలండ్ గ్రౌండ్స్ ఉంది. సంక్రాంతి రోజుల్లో అక్కడ జరిగే ఎగ్జిబిషన్‌ను చూడని మద్రాసు తెలుగు కుటుంబం ఉండదు. ప్రభుత్వ శాఖల స్టాళ్ళు ఒకవైపు, జెయింట్ వీల్ ఒకవైపు, కారం చల్లిన పళ్ళెమంత డిల్లీ అప్పళం ఒకవైపు. హైదరాబాదు వాళ్ళకు 1938లో మొదలైన నుమాయిష్ ఎలాగో, మద్రాసు వాళ్ళకు ఇది అలాగ. పెద్దమ్మ పొద్దున చెప్పిన మాటల్లో నాకు బాగా నచ్చింది ఈ జెయింట్ వీల్ సంగతే. "పైన ఆగిపోయినప్పుడు సముద్రం, లైట్‌హౌసు కనబడేవి. కింద మీ పెదనాయన చీమంత ఉండేవాడు. ఆయన ఎక్కేవాడు కాదు, భయం" అంది.

రైల్లో నేను విన్నదీ ఆ చక్రం కథే. 1889లో పారిస్ వాళ్ళు ఐఫెల్ టవరు కట్టారు కదా, దానికి దీటుగా ఏదైనా కావాలని 1893 చికాగో ప్రదర్శన వాళ్ళు పట్టుబట్టారు. జార్జ్ ఫెరిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఉక్కు చక్రం నిలబెట్టాడు. 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది. ఒకేసారి రెండువేలకు పైగా జనం గాల్లో తిరిగారు. చక్రానికి ఫెరిస్ పేరు నిలిచింది కానీ, మనుషుల్ని కూర్చోబెట్టి తిప్పే చెక్క రాట్నాలను 17వ శతాబ్దపు యూరపు యాత్రికులు అప్పటికే టర్కీ రాజ్యంలో చూసి రాసుకున్నారు. మన తిరునాళ్ళలో నాలుగు తొట్లు కట్టి, ఇద్దరు మనుషులు చేత్తో తిప్పే రంగులరాట్నం ఆ వంశంలోదే. దాన్ని తిప్పిన మనిషి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

చేపాక్కం దాటాక పట్టాలు బకింగ్‌హాం కాలువ వెంటే సాగుతాయి. కాకినాడ దాకా సాగే ఈ కాలువలో ఒకప్పుడు కోస్తా జిల్లాల పడవలు సరుకులతో మద్రాసు వచ్చేవి. ఇప్పుడు కింద నల్లటి నీళ్ళు, పైన స్తంభాలు. తిరువాన్మియూరులో దిగేసరికి డిస్నీలాండ్ భాగం మొదలైంది.

వాల్ట్ డిస్నీ ఒక పార్కులో బెంచీ మీద కూర్చుని, కూతుళ్ళు గుర్రాల రాట్నం ఎక్కడం చూస్తూ, పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఎందుకు ఉండకూడదు అనుకున్నాడట. అనహైంలో 160 ఎకరాల నారింజ తోటలు కొని, దాదాపు ఏడాదిలో పార్కు కట్టి 1955 జూలై 17న తెరిచాడు. ఆ రోజు ఎండకు కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి. దొంగ టిక్కెట్లతో వేలమంది చొరబడ్డారు. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలు చాలలేదు. అయినా ఆ పార్కు నిలిచింది. కారణం అందులోని కథ. గేటు దాటిన క్షణం నుంచి బయటి ఊరు కనబడకుండా చుట్టూ మట్టికట్ట వేయించాడు. వీధిలో మేడలు పై అంతస్తుకు పోయేకొద్దీ చిన్నవిగా కట్టించాడు, కింద నిలబడ్డవాళ్ళకు ఎత్తుగా కనిపించాలని. అవన్నీ సినిమా సెట్టు వేసేవాడి కిటుకులు.

ఈస్ట్ కోస్ట్ రోడ్డు బస్సులో ఇంజంబాక్కం చేరి వి.జి.పి. పార్కులో అడుగుపెట్టాను. గడియారాలు, రేడియోలు వాయిదాల మీద అమ్మి పేరు తెచ్చుకున్న వి.జి.పన్నీర్‌దాస్, 1970ల్లో ఈ ఇసుక నేల మీద గోల్డెన్ బీచ్ మొదలుపెట్టారు. ఎన్నో తమిళ, తెలుగు పాటలు ఇక్కడ తీశారు. అప్పట్లో ఇంటికి టీవీ కొనడమూ, ఆదివారం గోల్డెన్ బీచ్‌కు వెళ్ళడమూ మధ్యతరగతికి ఒకే కలలో రెండు భాగాలు. 1990ల్లో రైడ్‌లు చేరి ఇది యూనివర్సల్ కింగ్‌డమ్ అయింది.

ఇక్కడ అందరికీ గుర్తుండేది శిలామనిషి. తలపాగా, మెలితిప్పిన మీసం, రాజభటుడి వేషం. కదలడు, నవ్వడు, రెప్ప వేయడమే కష్టం. అతన్ని నవ్విస్తే బహుమతి అని ప్రకటించారు. నేను చూసినప్పుడు ఒక నెల్లూరు కుటుంబం అతని ముందు నిలబడి ఉంది. ఆరేడేళ్ళ పాప నాలుక బయటపెట్టింది, చెవులు లాగింది, చివరికి "మావా, నీ మీసం మీద ఈగ!" అని కేకేసింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. అతని గొంతు దగ్గర ఒక నరం మాత్రం కదిలింది, చెమట చుక్క కణత మీదుగా కాలరులోకి జారింది. ఉప్పుగాలిలో, ఆ బరువు బట్టల్లో, గంటల తరబడి అలా నిలబడటం ఎంత కష్టమైన విద్యో దగ్గరికి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. ఏ యంత్రమూ లేకుండా ఒక్క మనిషి ఓర్పుతో నడిచే ఆకర్షణ అది. కోట్లు పోసిన రైడ్‌ల కంటే అదే జనానికి గుర్తుంది.

తిరుగు ప్రయాణంలో కిష్కింధ అనే మరో పార్కును తలచుకున్నాను. దాన్ని కట్టింది కూడా సినిమా మనిషే. 1984లో 'మై డియర్ కుట్టిచాత్తన్' పేరుతో దేశంలో తొలి త్రీడీ సినిమా తీసిన నవోదయ అప్పచ్చన్, 1995లో తాంబరం దగ్గర 120 ఎకరాల్లో కిష్కింధను తెరిచారు. ఆ సినిమాను మనవాళ్ళు 'చిన్నారి చేతన'గా చూశారు. వానరుల రాజధాని పేరు పెట్టడంలోనే మన పురాణాన్ని పార్కుకు కథగా తీసుకున్న ఆలోచన ఉంది. 1990ల్లో మద్రాసు బడిపిల్లల విహారయాత్ర అంటే కిష్కింధే. తర్వాత అదీ మూతపడింది. 1996లో రామోజీరావు హైదరాబాదు శివార్లలో కట్టిన ఫిల్మ్ సిటీ మాత్రం నిలబడి, తెలుగువాళ్ళ పెద్ద విహారస్థలం అయింది. 2025 డిసెంబరులో మద్రాసుకు దక్షిణాన వండర్‌లా కొత్త పార్కు తెరిచింది. డిస్నీ, లెమ్లీ, అప్పచ్చన్, రామోజీరావు, వీళ్ళతో పాటు చింతాద్రిపేట అంచున వెంకయ్య. కథ చూపించడం తెలిసినవాళ్ళే కథలోకి మనిషిని నడిపించారు. ఈ ప్రయాణంలో నాకు గట్టిగా తేలిన సంగతి అది.

అమెరికా వాళ్ళు తమ పార్కుల్లో మూతపడ్డ చిన్న రైడ్ గురించి కూడా గంటసేపు మాట్లాడుకుని భద్రపరచుకుంటున్నారు. మనకు కోటల చరిత్ర ఉంది, గుళ్ళ చరిత్ర ఉంది, మన తల్లిదండ్రులు సంతోషంగా గడిపిన చోట్ల చరిత్ర లేదు. బతికిన కాలేజీలో పులిని చూసినవాళ్ళు, ఐలండ్ గ్రౌండ్స్ చక్రం ఎక్కినవాళ్ళు, తిరునాళ్ళలో రాట్నం తిప్పినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోండి. ఏ ఊరు, ఏ ఏడు, ఎవరితో వెళ్ళారు, టిక్కెట్టు ఎంత, ఏం తిన్నారు అని అడగండి. ఫోనులో రికార్డు చేసి, తేదీ రాసి దాచండి. తెలుగులో ఇలాంటి పాడ్‌కాస్టు రావాలంటే ముందు ఆ గొంతులు మన దగ్గర ఉండాలి.