మీ బాపు గిట్ల రాయలే

కోరుట్లలో ఒక డీటీపీ షాపు ఉంది. బయట ఫ్లెక్సీలు, లోపల పెళ్లిపత్రికల శాంపిళ్లు, మూలకి ఒక పాత కంప్యూటర్. దానికి నెట్ లేదు. విండోస్ ఎక్స్‌పీ మీద పేజ్‌మేకర్ 7 నడుస్తుంది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ ఆపేసింది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత అడోబ్ ఇంకో వెర్షన్ తీయలేదు. షాపు అన్నకి ఈ చరిత్రతో పనిలేదు. "పొద్దుగాల ఆన్ జేత్త, రాత్రి బంద్ జేత్త. ఒక్కనాడు సతాయించలే తమ్మీ" అంటాడు.

నేను రాసిన ఏ సాఫ్ట్‌వేర్ గురించీ ఇప్పటిదాకా ఎవరూ ఈ మాట అనలేదు.

నేను చదివింది జగిత్యాల దగ్గర నాచుపల్లిలో. 2007లో పెట్టిన కాలేజీ, మేం మొదటి బ్యాచ్. కొండగట్టు గాలికి కరెంటు పోయి వచ్చే ల్యాబులో, టర్బో సి నీలిరంగు తెర మీద ప్రోగ్రాములు నేర్చుకున్నాం. ఆ తెర మాకు పెద్ద నామోషీ. హైదరాబాద్‌లో వాళ్లు ఏవేవో వాడుతున్నారని, మేమింకా ఇక్కడే ఉన్నామని. ఉద్యోగం వచ్చాక కొత్తదల్లా ఎగబడి నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఉద్యోగం మానేసి సొంతంగా చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాక కూడా ఆ యావ పోలేదు.

మొదటి దెబ్బ సిరిసిల్లలో తగిలింది. మా మామ ఆసామి, ఎనిమిది సాంచాలు నడిపిస్తాడు. పవర్‌లూమ్ అని పేపర్లు రాస్తాయి, అక్కడ మాత్రం సాంచాలే. కూలి లెక్క పిక్కుల మీద, మీటర్ల మీద ఉంటుంది. మధ్యలో అడ్వాన్సుల కోతలు. మామ దగ్గర ఎర్ర అట్ట నోటుబుక్కు చూసి నేను ఉబ్బితబ్బిబ్బై ఆయనకో ఆన్‌లైన్ యాప్ చేసిపెట్టాను. లాగిన్, ఓటీపీ, రంగురంగుల గ్రాఫులు. మూడో శనివారం నెట్ పోయింది. కూలి కోసం వచ్చిన నలుగురు గడప మీద కూర్చున్నారు. ఓటీపీ రాదు, లెక్క తెరుచుకోదు. ఒకాయన బిడ్డకి జ్వరం, దవాఖానకి పోవాలంటున్నాడు. మామ ఏమీ అనలేదు. లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చాడు. నా యాప్‌తో పాటు అది కూడా రాస్తూనే ఉన్నాడన్నమాట, నాకు చెప్పకుండా.

"నీది మంచిగనే ఉన్నది అల్లుడా. గని ఇది నా చేతిల ఉంటది" అన్నాడు.

తర్వాత దాన్ని మళ్లీ రాశాను. ఆయన కంప్యూటర్లోనే ఉండే ప్రోగ్రాం, లెక్కలన్నీ ఒకే ఎస్‌క్యూలైట్ ఫైల్లో. పెన్‌డ్రైవ్‌లో కాపీ కొట్టుకుంటే అదే బ్యాకప్. 2000లో మొదలైన ఎస్‌క్యూలైట్‌ని 2050 దాకా చూసుకుంటామని దాన్ని రాసేవాళ్లు చెప్పుకున్నారు. మా ఫీల్డులో అంత దూరం మాటిచ్చేవాళ్లు అరుదు. గ్రాఫులు తీసేశాను. మామ వాటిని ఒక్కసారి కూడా చూడలేదట.

దీంతో నాకు బుద్ధొచ్చిందనుకున్నాను. రాలేదు.

మా బాపు ప్రైమరీ స్కూల్ టీచర్. సాయంత్రాలు బీడీలు చేసే అమ్మల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పుకునే కథలు రాసుకునేవాడు. తునికాకు కత్తిరిస్తూ, ఆకులో తంబాకు చుట్టి దారం కడుతూ వాళ్లు ఎట్లా చెప్పారో అట్లాగే. 2008లో కోరుట్ల షాపులోనే టైప్ చేయించాడు, తొంభై పేజీల పైనే వచ్చింది. అచ్చుకి డబ్బులు సర్దుబాటు కాలేదు. అది ఒక సీడీలో పడి బీరువాలో ఉండిపోయింది. 2019లో బాపు పోయాడు. ఆ మధ్య సీడీ దొరికింది. నా ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరుచుకోలేదు. అంతకుముందే చేత్తో రాసిన కాయితాలు చెదలు తినేశాయి. అంటే బాపు రాత మొత్తం ఆ సీడీలోనే ఉంది.

షాపు అన్న పాత కంప్యూటర్లో వేస్తే పది సెకన్లలో వచ్చేసింది. ప్రతి పేజీ, ప్రతి వత్తు, ఉన్నది ఉన్నట్టు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆ పేరాల్ని మామూలు టెక్స్ట్‌గా బయటికి తీస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. తెర మీద తెలుగే, ఫైల్లో మాత్రం తెలుగు లేదు.

యూనికోడ్‌లో తెలుగు మొదటి వెర్షన్ నుంచీ, 1991 నుంచీ, ఉంది. కానీ మన అచ్చు పని నడిచింది పేజ్‌మేకర్‌లో, దానికి యూనికోడ్ తెలియదు. అందుకని ఆ కాలపు తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో మన తలకట్లు, గుడులు, వత్తులు ముక్కలుగా పెట్టుకున్నాయి. అందంగా అచ్చయ్యాయి. వేల పుస్తకాలు, చిన్న పత్రికలు, ఊరూరి కవితా సంపుటాలు అట్లా వచ్చాయి. వాటి ఫైళ్లున్నా వెతికితే దొరకవు, ఫాంటు లేకపోతే చదవలేం. కాబట్టి పాత పనిముట్ల మీద నాకున్న ప్రేమకి ఒక షరతు ఉంది. పనిముట్టు ఇరవై ఏళ్లు నడిస్తే సరిపోదు. అది ఆగిపోయాక కూడా నా రాత నాకు దక్కాలి. మామ నోటుబుక్కుకి ఆ గుణం ఉంది, పేజ్‌మేకర్‌కి లేదు.

బాపు ఫైలు కోసం ఒక మార్పిడి ప్రోగ్రాం రాయడానికి కూర్చున్నాను. 'చెట్టు' తీసుకోండి. పాత ఫాంట్లో కంటికి కనిపించే వరస: చె, టు, ఆ తర్వాత కింది వత్తు. యూనికోడ్‌లో ముందు ట, పొల్లు, ఇంకో ట వచ్చి, చివర కొమ్ము. అంటే ప్రతి వత్తునీ పట్టుకుని గుణింతాన్ని దాని వెనక్కి జరపాలి. మూడు వారాల రాత్రులు పట్టింది. అక్కడితో ఆపితే బాగుండేది. మార్పిడిలో తప్పులు దొర్లుతాయని, నిఘంటువుతో పోల్చి దానంతటదే సరిదిద్దే భాగం ఒకటి తగిలించాను. నాకు అదే ఎక్కువ ముద్దొచ్చింది.

ప్రింటు తీసి అమ్మకి చదివి వినిపించాను. అమ్మ కూడా బీడీలు చేసిన మనిషే. రెండో కథలో ఆపింది.

"మీ బాపు గిట్ల రాయలే."

"అట్లాగే ఉందమ్మా ఫైల్లో."

"'వచ్చిండు' అని ఎవ్వలన్నరు? 'అచ్చిండు' అన్నది ఆమె. నేను గాడనే ఉన్న."

వెళ్లి చూశాను. బాపు 'అచ్చిండు' అనే రాశాడు. నా ప్రోగ్రాం దాన్ని తప్పనుకుని దిద్దింది. ఒక్కచోట కాదు, పుస్తకమంతా. 'పోత్తాంది'ని 'పోతుంది' చేసింది. చెప్పిన మనుషులందరినీ ఒకే స్కూల్లో కూర్చోబెట్టి ఒకే తెలుగు నేర్పినట్టు. చెదలు కూడా అంత శుభ్రంగా తినలేదు. అమ్మ ఆపకపోతే నేను దాన్నే పుస్తకంగా వేసి ఉండేవాణ్ణి, బాపు పేరు మీద.

ఆ రాత్రి దిద్దే భాగం మొత్తం తీసేశాను. ఇప్పుడా ప్రోగ్రాం అక్షరాలు మార్చుతుంది. అనుమానం వచ్చిన చోట పసుపు రంగు పూసి ఊరుకుంటుంది. ఆ పసుపు మచ్చలు నేనూ అమ్మా కలిసి చూస్తున్నాం. కళ్లద్దాలు సర్దుకుంటూ ఆమె చెప్తుంది, నేను కొడతాను. రోజుకి రెండు పేజీలు, ఒక్కోసారి ఒకటే. ఇప్పుడు నోట్‌ప్యాడ్‌లో కూడా మన వాక్యం తిరగరాస్తానని ఒక బొత్తాం వచ్చింది. అది ఎవరికైనా పనికొస్తుందేమో, కాదనను. నేను మాత్రం దాన్ని ఆపేసుకున్నాను.

మొన్న షాపుకి వెళ్లి ఆ ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. అన్న దగ్గర అట్లాంటి సీడీలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. డబ్బులు లేక అచ్చుకి పోని పుస్తకాలట, ఎవరూ వాపసు అడగలేదు. ఎక్స్‌పీలో కూడా నడవాలని రాశాను కాబట్టి అక్కడే తెరిచి చూశాడు. ఒక కిటికీ, రెండు బొత్తాలు.

"గింతేనా?" అన్నాడు.

గింతే అన్నాను. ఇంకో సీడీ తీసి, చొక్కా అంచుతో తుడిచి, డ్రైవులో పెట్టాడు.